పై వరుసలో పేరు

ఆమె మా ఆఫీసులో చేరిన మొదటి రోజే నన్ను అక్కా అని పిలిచింది. ఇద్దరికీ నాలుగేళ్ళు కూడా తేడా ఉండదు. ఎ.కొండూరు నుంచి వచ్చే బస్సు దిగి, భుజాన సంచీ, చేతిలో టిఫిన్ బాక్సుతో మెట్లెక్కి వచ్చి, చెప్పులు విప్పుతూనే, "హ్యాండ్లర్ రాసింది మీరే కదక్కా? మొత్తం చదివాను" అంది. అక్కా అన్నందుకు కాదు, మొత్తం చదివానన్నందుకు నాకు లోపలెక్కడో చురుక్కుమంది. ఎనిమిదేళ్ళలో ఆ కోడును మొదటినుంచి చివరిదాకా చదివిన మనిషి నేను తప్ప ఇంకొకరు లేరు. దాన్ని అలాగే ఉంచుకోవాలని నాకున్నట్టు ఆ క్షణందాకా నాకే తెలియదు.

ఆఫీసంటే పెద్దదేం కాదు. తిరువూరు బస్టాండు వెనక వీధిలో, ఎప్పుడో మూసేసిన బట్టలకొట్టు పైన రెండు గదులు. సార్ బెజవాడలో ఉంటారు, వారానికోసారి వచ్చి చూసి వెళ్తారు. మామిడికాయలు మగ్గబెట్టే గదుల్లో వేడి, తేమ చూసుకునే చిన్న పెట్టెలు మావి. పెట్టెలు తయారయ్యేది బెజవాడలో. వాటి లోపల నడిచే సి ప్రోగ్రాం మాత్రం మా రెండు గదుల్లోంచే వెళ్తుంది. విస్సన్నపేట చుట్టుపక్కల మామిడి వ్యాపారుల గదుల్లో మా పెట్టెలు గోడకి వేలాడుతూ ఉంటాయి. వాటిని బిగించి వచ్చే మెకానిక్కులు ఇద్దరు, నేను, తర్వాత ఆమె. అంతే మా బలగం.

నా పని గురించి ఇంట్లో ఎప్పుడు చెప్పినా మావారు ఆవులించేవారు. ఆయనది ఇనుప సామాన్ల కొట్టు. అయినా ఇక్కడ చెప్పకపోతే తర్వాతది అర్థం కాదు. ప్రోగ్రాం చేయకూడని పని చేస్తే, అంటే ఏమీ లేని చోటునుంచి చదవబోతే, సిస్టం దానికొక సిగ్నల్ పంపుతుంది. పడిపోయే ముందు ఒక చిన్న ఫంక్షన్ నడుపుకోనిస్తుంది. అదే హ్యాండ్లర్. ఆ కాస్త వ్యవధిలో నా హ్యాండ్లర్ చేసే పని స్టాకు విప్పడం. ఒక ఫంక్షన్ ఇంకో ఫంక్షన్‌ని పిలిచినప్పుడల్లా, పని అయ్యాక ఎక్కడికి తిరిగి రావాలో స్టాకులో ఒక చీటీ పడుతుంది. ఆ చీటీలు ఒక్కొక్కటే చదువుకుంటూ వెనక్కి పోతే, ఎవరు పడ్డారు, వాళ్ళని ఎవరు పిలిచారు, వాళ్ళని మళ్ళీ ఎవరు పిలిచారు అన్నది వరుసగా తెలుస్తుంది. పెట్టె నిమిషంలో తిరిగి లేచి ఆ జాబితా మాకు పంపుతుంది. పై వరుసలో ఎవరి ఫంక్షన్ పేరుంటే తప్పు వాళ్ళది.

దీని మీద మాకొక ఆచారం ఉండేది. పై వరుసలో పేరు పడినవాళ్ళు కిందికి వెళ్ళి, సందు మొదట్లో ఉన్న బండి దగ్గర అందరికీ వేడి పునుగులు తేవాలి. పేరు ఒప్పుకోనని వాదించడానికి లేదు. "మేడం హ్యాండ్లర్ చెప్పిందంటే చెప్పిందే" అనేవారు సార్. ఆ మాట విన్న ప్రతిసారీ నేను చీర కొంగు సర్దుకునేదాన్ని. నా పేరూ రెండు మూడుసార్లు పడింది. నవ్వుతూ వెళ్ళి తెచ్చాను. నా హ్యాండ్లర్ నన్ను కూడా వదలదని చెప్పుకోవడంలో ఒక దర్జా ఉంది కదా.

ఆమె వచ్చిన మూడో వారంలో, అన్నం తింటూ తింటూ అడిగింది. "అక్కా, స్టాకే నిండిపోయి పడిపోయిందనుకోండి. మరి హ్యాండ్లర్ ఏ స్టాకు మీద నడుస్తుంది? దానికీ చోటుండదు కదా?"

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఎనిమిదేళ్ళలో నాకు ఆ ప్రశ్న తట్టలేదు. నేను రాసిన పరీక్షలన్నీ ఒకే తీరు. ప్రోగ్రాం తీరిగ్గా ఎదురుచూస్తూ ఉంటుంది, నేను బయటినుంచి సిగ్నల్ పంపుతాను, అది పడుతుంది, పేర్లు సరిగ్గా వస్తాయి. లేదా ఒక ఫంక్షన్ మధ్యలో కావాలని తప్పు చేయిస్తాను, పేర్లు సరిగ్గా వస్తాయి. స్టాకు నిండినప్పుడు ఏమవుతుందో నేనెప్పుడూ చూడలేదు. "అంతలోతుకి మన ప్రోగ్రాం పోదులేమ్మా" అన్నాను. ఆమె తలూపింది. రెండు రోజుల తర్వాత హ్యాండ్లర్‌కి విడిగా ఒక స్టాకు కేటాయించి, దానికి ఆరు పరీక్షలు రాసి, నాకూ సార్‌కీ కలిపి పంపింది. ఆరూ నా పాత కోడు మీద తప్పాయి. ఆమె కోడు మీద నెగ్గాయి. ఎంత శుభ్రంగా రాసిందో చెప్పకుండా ఉండలేను. ఒక్క అనవసరమైన వరుస లేదు. అది చదువుతుంటే పక్కింట్లో పోపు వాసన వచ్చినట్టు నోరూరింది, వెంటనే ఒళ్ళు మండింది.

అప్పటినుంచి సార్ ఫోన్లు మారాయి. అంతకుముందు ఫోన్ మోగితే "మేడం, ఒక్కసారి చూస్తారా?" అనేవారు. ఇప్పుడు, "ఆ అమ్మాయి పక్కన ఉందా అండీ? ఒకసారివ్వండి" అంటున్నారు. ఫోన్ తీసుకెళ్ళి ఇచ్చే పని నాది. ఆమె మాట్లాడుతుంటే నేను కీబోర్డు గట్టిగా కొట్టేదాన్ని, చేతిలో పని లేకపోయినా.

ఒకరోజు మావారు అన్నారు. "ఏంటో, ఈ మధ్య రోజూ ఆ పిల్ల గురించే చెప్తున్నావు. అంత బాగా చేస్తుందా?"

"బాగా చేస్తుందని నేనెప్పుడన్నానండీ?"

"అనలేదు. అందుకే తెలిసింది" అని నవ్వి కొట్టుకి వెళ్ళిపోయారు. ఆ పూట ఆయనకి కూరలో ఉప్పు ఎక్కువ పడింది.

నాకు పెద్ద విషయాలే కాదు, చిన్నవీ గుచ్చుకునేవి. తేమ లెక్కగట్టే ఫంక్షన్ ఆమె రాసింది. దాన్ని తీసుకెళ్ళి ఫైల్లో సరిగ్గా నా ఫంక్షన్ పైన పెట్టింది. నాది సెన్సార్ వేడిని చదివి ఇచ్చే రెండు వరుసల ముక్క. ఎనిమిదేళ్ళుగా ఆ ఫైల్లో మొదట ఉన్నది అదే. ఎక్కడ పెడితే ఏంటి, ప్రోగ్రాంకి తేడా లేదు. నాకుంది. "కింద చోటు లేదా?" అని అడిగాను కూడా. "తేమ తర్వాత వేడి, చదవడానికి బాగుంటుందని పెట్టానక్కా. మార్చనా?" అంది. వద్దన్నాను.

మేలో కాయ దిగింది. కొత్త గదులు తెరిచారు, కొత్త పెట్టెలు బిగించారు. మొదటి వారంలోనే ఒక పెట్టె పడి లేచింది. పై వరుసలో ఆమె తేమ ఫంక్షన్ పేరు. ఆమె జాబితా రెండుసార్లు చదువుకుని, కిందికి వెళ్ళి పునుగులు తెచ్చింది. నాలుగు రోజులకి ఇంకో పెట్టె. మళ్ళీ ఆమె పేరే. ఇంకో రెండు రోజులకి మూడోది. ఆ రోజు పునుగులు నాకు ఎంత రుచిగా ఉన్నాయో! అల్లం చట్నీ రెండోసారి వేసుకున్నాను.

మూడోసారి పొట్లం బల్ల మీద పెట్టి ఆమె అంది. "అక్కా, నా ఫంక్షన్‌ని ఎన్నిసార్లు చూసినా అందులో పడటానికేం లేదు. నాకో అనుమానం. ఏదైనా ఫంక్షన్ మొట్టమొదటి ఇన్‌స్ట్రక్షన్‌లోనే పడిందనుకోండి, అప్పుడు పేరు సరిగ్గా వస్తుందా? మన దగ్గర ఆ పరీక్ష లేదు. ఒకటి రాద్దామా?"

"ఎనిమిదేళ్ళుగా సరిగ్గా వస్తున్న పేరు, నీదనేసరికి తప్పయిందా?" అన్నాను. మెకానిక్కులిద్దరూ తలలు దించుకున్నారు. ఆమె ముఖం ఎర్రబడింది.

ఆ మధ్యాహ్నమే సార్ నాకు ఫోన్ చేశారు. చాలా రోజుల తర్వాత నాకే చేశారు. "చూడండి మేడం, ఈ నెలాఖరుకి ఆ అమ్మాయికి ఆరు నెలలు పూర్తవుతాయి. ఉంచుకోవాలా, పంపించాలా తేల్చాలి. తెలివైన పిల్లే. కానీ సీజన్లో మూడుసార్లు పడగొడితే ఎలా? వ్యాపారులు నా మీద అరుస్తున్నారు. మీరు కాస్త గమనించి చెప్పండి" అన్నారు. గమనిస్తాను సార్ అన్నాను. ఫోన్ పెట్టేశాక చాలా హాయిగా ఉంది. ఆ హాయిని చూసి నాకేం సిగ్గు వేయలేదు. అప్పటికి ఆమెదే తప్పని నిజంగానే నమ్మాను.

రెండు రోజులకి ఆమె వినగడపలో ఎవరో చుట్టాల పెళ్ళని సెలవు పెట్టింది. గదిలో నేనొక్కదాన్నే. ఆమె అడిగిన పరీక్ష రాశాను. ఆమె కోసం కాదు, అది నెగ్గితే ఫలితం కాగితం మీద తీసి ఆమె బల్ల మీద పెడదామని. రెండు ఫంక్షన్లు, ఒకదాని కింద ఒకటి. రెండోది అడుగు పెట్టగానే, మొట్టమొదటి ఇన్‌స్ట్రక్షన్‌లోనే, ఏమీ లేని చోటునుంచి చదివి పడిపోతుంది. పరీక్షల కోసం ఆఫీసులో ఉంచుకున్న పెట్టె బోర్డు మీద నడిపాను. హ్యాండ్లర్ లేచింది, స్టాకు విప్పింది, జాబితా రాసింది. పై వరుసలో మొదటి ఫంక్షన్ పేరు. అసలు ఎవరూ పిలవని ఫంక్షన్ పేరు.

ఇంకో రెండుసార్లు నడిపాను. అదే పేరు.

తప్పు ఎక్కడుందో కనుక్కోవడానికి పావుగంట పట్టింది. చీటీలో ఉండేది తిరిగి రావలసిన చోటు, అంటే పిలిచిన చోటుకి తర్వాతది. అందుకని పేరు వెతికేముందు నా కోడు ప్రతి చోటునుంచీ ఒకటి తగ్గించుకుంటుంది. చీటీలకి అది సరైన పద్ధతే. కానీ సిగ్నల్ వచ్చిన చోట చీటీ ఉండదు. సిస్టం సరిగ్గా పడిన చోటునే చెబుతుంది. అక్కడ తగ్గించకూడదు. నేను తగ్గించాను. ఫంక్షన్ మధ్యలో పడితే ఒకటి తగ్గినా అదే ఫంక్షన్‌లో ఉంటాం, తేడా తెలియదు. గుమ్మంలోనే పడితే మాత్రం పక్కింటివాళ్ళ పేరు రాస్తాం. ఆ పక్కిల్లు ఏదో చూడటానికి ఫైలు తెరవక్కర్లేదు. ఆమె ఫంక్షన్ కింద ఉన్నది నాది. సెన్సార్ ఇచ్చిన చోటు ఖాళీగా ఉందా అని చూడకుండా నేరుగా చదివేసే రెండు వరుసలు. కొత్త గదుల తలుపులు తీసినప్పుడల్లా సెన్సార్ తీగ లాగుడుపడి ఊడుతోందని మెకానిక్కులు వారం నుంచి చెబుతూనే ఉన్నారు.

పడింది నా ఫంక్షన్. వేలు పక్కకి చూపించింది నా హ్యాండ్లర్. పునుగులు తెచ్చింది ఆమె.

పరీక్ష ఫైలు తుడిచేశాను. చెప్పకూడదని నిర్ణయించుకుని తుడవలేదు. రేపు పద్ధతిగా రాసి చెబుదాంలే అనుకున్నాను. ఆ రేపు రాలేదు. ఆమె పొద్దున్నే పెళ్ళి లడ్డూలు పట్టుకొచ్చింది. చెబుదామని నోరు తెరిచేసరికి సార్ ఫోన్, ఆమె కోసం. ఆమె కిటికీ దగ్గర నిలబడి నవ్వుతూ ఏదో వివరిస్తుంటే, నాలో తెరుచుకున్నది మళ్ళీ మూసుకుంది. చెబితే ఏమవుతుంది? ఆమె అడిగిన పరీక్ష, ఆమె ఊహించిన తప్పు. ఎనిమిదేళ్ళ నా దర్జా అంతా ఆమె ఖాతాలో పడిపోతుంది. నెలాఖరుదాకా ఊరుకుంటే ఆమె వెళ్ళిపోతుంది. తర్వాత నేనే తీరిగ్గా సరిచేసుకుంటాను, ఎవరికీ తెలియదు. ఇలా అనుకున్నానని రాయడానికి ఇప్పుడు చెయ్యి రావడం లేదు కానీ, అనుకున్నది ఇదే.

ఆ రోజుల్లో ఆమెతో ఎన్నడూ లేనంత మంచిగా ఉన్నాను. మామిడికాయ పప్పు ఎక్కువ తెచ్చి పెట్టేదాన్ని. ఎండలో బస్టాండుకి నడవద్దని గొడుగు ఇచ్చాను. మధ్యలో నాలుగో పెట్టె పడింది, పై వరుసలో ఆమె పేరే వచ్చింది, ఆమే వెళ్ళి పునుగులు తెచ్చింది. నాకు మొదటిది మింగుడుపడలేదు. తినకపోతే ఎందుకని అడుగుతారని నాలుగూ తిన్నాను. ఆమె నా వంకే చూస్తూ, "ఏమన్నా చెప్పాలా అక్కా?" అంది.

"ఏం లేదమ్మా. కారం ఎక్కువైంది" అన్నాను.

నెలాఖరు రోజు సార్ వచ్చారు. ఆమెని బయటి గదిలో కూర్చోబెట్టి నన్ను లోపలికి పిలిచారు. తలుపు దగ్గరగా వేశారు కానీ, మా గదుల మధ్య ఉన్నది చెక్క గోడ. ఈ గదిలో దగ్గితే ఆ గదిలో వినిపిస్తుంది.

"పంపించేద్దామనుకుంటున్నానండీ" అన్నారు సార్. "మీకూ ఇబ్బంది తగ్గుతుంది. ఆ అమ్మాయి చేసిన మార్పులు, ఆ విడి స్టాకూ అవీ, అన్నీ తీసేయండి. ఎనిమిదేళ్ళు నడిచిన మీ పాత హ్యాండ్లరే పెట్టేద్దాం. మనకదే నమ్మకం."

నేను కోరుకున్నది ఇంతకంటే ఏముంది? కానీ ఆ పాత కోడు ఎంత గుడ్డిదో ఆ గదిలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆమె రాసిన ఆరు పరీక్షలూ కళ్ళ ముందు కదిలాయి. వాటిని నా చేత్తో తీసేయాలి. ఆమె వెళ్ళిపోవడం నేను భరించగలిగేదాన్నే. ఆ కోడును తీసేసి నా చెత్తను తిరిగి పెట్టడం మాత్రం నా వల్ల కాలేదు. ఇది మంచితనమని ఎవరూ అనుకోవద్దు. అంత బాగా నేను రాయలేనని తెలిసినందువల్లే దాన్ని తుడవలేకపోయాను.

"సార్, తప్పు ఆ అమ్మాయిది కాదు" అన్నాను. "నా ఫంక్షన్ పడుతోంది. నా హ్యాండ్లర్ పేరు తప్పు చెబుతోంది. సిగ్నల్ వచ్చిన చోట ఒకటి తగ్గించకూడదు, నేను తగ్గించాను. నిన్న సాయంత్రం ఒక పరీక్ష రాస్తే బయటపడింది."

నిన్న సాయంత్రం. నోట్లోంచి ఎంత సాఫీగా వచ్చిందో ఆ మాట.

సార్ లేచి తలుపు తీసి, "చూశావమ్మా? తన తప్పు తానే పట్టుకుని, తానే వచ్చి చెప్పారు మేడం. ఎంత పెద్ద మనసు కావాలి దానికి! నువ్విక్కడే ఉంటున్నావు. ముందు మేడంకి థాంక్స్ చెప్పు" అన్నారు. ఆమె లేచి నిలబడి, "థాంక్సక్కా" అంది. నేను తలూపాను. నిజం చెప్పొద్దూ, ఆ పది నిమిషాలూ నాకు చాలా బాగుంది. పెద్ద మనసు అన్న మాటని రెండు మూడుసార్లు మనసులో తిప్పి చూసుకున్నాను.

సాయంత్రం ఇద్దరం కలిసే దిగాం. బస్టాండులో ఎ.కొండూరు వైపు బస్సు ఇంకా రాలేదు. ఆమె సంచీ భుజం మార్చుకుని, నా వైపు తిరక్కుండా అంది. "నిన్న సాయంత్రం కాదు కదక్కా."

బస్సు వస్తోందేమోనని నేను రోడ్డు వైపు చూశాను.

"పెళ్ళి నుంచి వచ్చిన రోజే బోర్డు చిట్టా చూశాను. ఆ పరీక్ష మూడుసార్లు నడిపారు. ఏం పేరొచ్చిందో కూడా ఉంది. ఇవాళ్టికి పదకొండు రోజులు."

బోర్డు మీద ఏది నడిపినా చిట్టాలో ఒక వరుస రాసుకుంటుంది. ఫైలు తుడిచినా ఆ వరుస పోదు. ఎవరూ పరీక్ష నడిపి దాచకూడదని దాన్ని అలా పెట్టింది ఎవరో కాదు, నేనే. ఆ సంగతే మర్చిపోయాను.

"మరి సార్‌కెందుకు చెప్పలేదు?" అన్నాను.

"చిట్టా తీసి చూపిస్తే అయిపోయేది. ఈపూట లోపల మీరు మాట్లాడుతుంటే కూడా అది నా ముందు తెరిచే ఉంది" అంది. "మీరే చెప్తారేమోనని రోజూ చూశానక్కా."

బస్సు వచ్చింది. జనంతో పాటు ఎక్కి, కిటికీ పక్క సీటు దొరకలేదేమో, లోపలెక్కడో నిలబడిపోయింది. చెయ్యి ఊపిందో లేదో నాకు కనపడలేదు.

ఇప్పుడు హ్యాండ్లర్ ఆమె చేతిలో ఉంది. ఫంక్షన్ నేను సరిచేశాను, పరీక్షలు ఆమె రాస్తుంది. కొత్తగా ఎవరు చేరినా సార్ నా పెద్ద మనసు కథ వాళ్ళకి చెబుతారు. పక్క బల్ల దగ్గర ఆమె వింటూనే ఉంటుంది, తల ఎత్తదు, ఒక్క మాట అనదు. ఆమెని చూస్తే నాకు కుళ్ళు ఇవాళ్టికీ పోలేదు. అయితే అది ఆమె కోడు చూసి కాదు. ఆ చోట నేను ఉండి ఉంటే, ఆ చిట్టా మొదటి రోజే సార్ బల్ల మీద ఉండేది.